"మీ తాతగారిని తరచూ కలుస్తుంటారా?" అని ఎగ్జామినర్ అడిగేసరికి నోరు పడిపోయింది

ఈసారి వచ్చిన ఉత్తరం చాలా పెద్దది. ఫోన్‌లో టైప్ చేసి పంపినట్టున్నారు, మధ్యలో రెండుసార్లు "డ్యూటీకి టైమైంది అక్కా, మిగతాది రాత్రికి రాస్తా" అని ఆపి మళ్ళీ మొదలెట్టారు. పేరు వేయొద్దన్నారు కాబట్టి సంగతి మాత్రం చెప్తా.

ఆమెకి ముప్పై ఒకటి. ఖమ్మం జిల్లాలో ఒక పల్లెటూరు, పదో తరగతి దాకా తెలుగు మీడియం, తర్వాత బీఎస్సీ నర్సింగ్. ఏడేళ్ళుగా హైదరాబాద్‌లో ఒక పెద్ద ప్రైవేట్ హాస్పిటల్లో గుండె ఆపరేషన్లు అయినవాళ్ళని ఉంచే వార్డులో స్టాఫ్ నర్సు. నాలుగేళ్ళ పాప ఉంది. యూకే వెళ్ళాలని, అక్కడ నర్సులకి అడిగే ఇంగ్లీషు పరీక్ష ఐఇఎల్‌టిఎస్ అకడమిక్ రెండుసార్లు రాసింది. మూడు వారాల క్రితం వచ్చిన రెండో రిజల్ట్‌లో లిజనింగ్ 7.5, రీడింగ్ 7, రైటింగ్ 6.5, స్పీకింగ్ 6 (తొమ్మిదికి వేసే ఈ మార్కునే బ్యాండ్ అంటారు). మొదటిసారి స్పీకింగ్ 5.5. అంటే ఓవరాల్ 7 వచ్చింది, మిగతావన్నీ సరిపోయాయి, ఏడు కావాల్సిన ఒక్క స్పీకింగ్ దగ్గరే బండి ఆగిపోయింది.

కోచింగ్‌లో ఎనభై క్యూకార్డులకి (స్పీకింగ్‌లో మాట్లాడమని చేతికిచ్చే టాపిక్ కార్డులు) జవాబులున్న పీడీఎఫ్ ఇచ్చారట. నైట్ డ్యూటీలో, బస్సులో, పాపకి అన్నం పెడుతూ కూడా అది బట్టీపట్టింది. పరీక్షలో "నీకు నచ్చిన ఒక పెద్ద వయసు మనిషి గురించి చెప్పు" అని కార్డు వచ్చింది. పీడీఎఫ్‌లో ఉన్నదే! "మై గ్రాండ్‌ఫాదర్ ఈజ్ ఎ ఫిలాంత్రపిస్ట్ హూ హాజ్ లెఫ్ట్ యాన్ ఇండెలిబుల్ మార్క్ ఆన్ మీ" అని మొదలెట్టి, తాతగారు స్కూలు కట్టించారు, అనాథలని చదివించారు అని గడగడా చెప్పేసింది. అంతా విని ఎగ్జామినర్ "తరచూ కలుస్తుంటారా ఆయన్ని?" అని అడిగాడు. ఆమె తాతగారు ఆమె పుట్టకముందే పోయారు. కంగారులో "యెస్ సర్, హీ ఈజ్ డైడ్" అనేసింది. ఆ తర్వాత థర్డ్ పార్ట్ ఎలా గడిచిందో గుర్తులేదంది, మధ్యలో రెండుసార్లు ఆపాడు, నవ్వలేదు, అక్కడే అర్థమైపోయింది అని రాసింది.

ఇంట్లో భర్తకి ఇంగ్లీషు బాగా వచ్చు, ప్రాక్టీస్ చేద్దామని కూర్చుంటే ప్రతి వాక్యానికీ తప్పు పడతాడు, ఒకసారి చుట్టాల ముందే "హీ ఈజ్ డైడ్" అని అనుకరించి నవ్వాడట. తోటి మలయాళీ నర్సులు ఇద్దరు వెళ్ళిపోయారు. మరిదేమో జర్మనీ ట్రై చెయ్ అంటాడు. ఒక ఏజెంటు రెండు లక్షలిస్తే స్పీకింగ్ సంగతి నేను చూసుకుంటా అంటున్నాడు. మూడోసారి రాయాలా, ఆ ఒక్క సెక్షనే మళ్ళీ రాయాలా, ఓఇటికి (డాక్టర్లకి, నర్సులకి పెట్టే ఇంగ్లీషు పరీక్ష) మారాలా, అసలు మానేయాలా, తెలుగు మీడియం వాళ్ళకి ఇది రాసిపెట్టి లేదా అక్కా అని అడిగింది.

చెల్లీ, ముందు నీ ఉత్తరంలో నువ్వే "సారీ అక్కా, ఇది టాపిక్ కాదు" అని వదిలేసిన ముక్క దగ్గర మొదలెడతా. సూడాన్ నుంచి వచ్చిన ఒక పెద్దాయన, బైపాస్ అయ్యాక మూడు రోజులు ఏం పెట్టినా తినలేదని, డైటీషియన్ వచ్చినా డాక్టర్ అరిచినా ముట్టలేదని, చివరికి వాళ్ళబ్బాయిని అడిగితే మా ఇంట్లో నాన్న ఎప్పుడూ ఒక్కడే కూర్చుని తినడు అని చెప్పాడని, ఆ రాత్రి నువ్వు నీ టిఫిన్ బాక్స్ తెచ్చుకుని ఆయన మంచం పక్కన కూర్చున్నావని, ఇన్‌చార్జ్ సిస్టర్ చూస్తే చంపేసేదని రాశావు. అక్కడ ఆపేసి మళ్ళీ బ్యాండ్ స్కోర్లలోకి వెళ్ళిపోయావు.

ఆ అబ్బాయితో నువ్వు ఏ భాషలో మాట్లాడావు? ఇంగ్లీషులోనే కదా, వాళ్ళకి తెలుగు రాదు, నీకు అరబిక్ రాదు. అంటే అర్ధరాత్రి భయపడిపోయి ఉన్న ఒక కొడుకుతో ఇంగ్లీషులో మాట్లాడి, డాక్టర్లకి దొరకని సంగతి నువ్వు రాబట్టావు. ఆ మనిషేనా ఎగ్జామినర్ ముందు కూర్చుని ఇండెలిబుల్ మార్క్ అన్నది!

నిన్ను చూసి నవ్వడానికి అనట్లేదు. నేను పన్నెండేళ్ళు స్పీకింగ్ క్లాసులు చెప్పాను, మొదటి నాలుగేళ్ళు నేనూ అలాంటి పీడీఎఫ్‌లే పంచాను, పిల్లలు అడిగేవాళ్ళు, ఇవ్వకపోతే పక్క సెంటర్‌కి పోయేవాళ్ళు. కాబట్టి దాని రుచి నాకు తెలుసు. బట్టీ జవాబు చెప్తున్నప్పుడు గొంతు మారిపోతుంది, స్పీడ్ పెరుగుతుంది, కళ్ళు పైకి పోతాయి. ఎగ్జామినర్లకి దాన్ని గుర్తుపట్టడం నేర్పిస్తారు. అసలు నష్టం అది కూడా కాదు. తాతగారి గురించి రెండు నిమిషాలు పెద్ద పెద్ద మాటలు, తర్వాత ఒక చిన్న ప్రశ్నకి "హీ ఈజ్ డైడ్". ఆ రెండిట్లో నీ అసలు ఇంగ్లీషు ఏదని అతను అనుకుంటాడు? రెండోదే. నిజానికి నీది ఆ రెండూ కాదు, మధ్యలో ఎక్కడో ఉంది, అది ఆరోజు బయటికి రానేలేదు.

అతను మధ్యలో ఆపడం గురించి బాధపడ్డావు, అది తీసి పక్కన పెట్టు. మొత్తం స్పీకింగ్ పదకొండు నుంచి పద్నాలుగు నిమిషాలు, మొదటి పార్ట్ నాలుగైదు, కార్డుకి ఒక నిమిషం ఆలోచన తర్వాత ఒకటి రెండు నిమిషాల మాట, మూడో పార్ట్ మళ్ళీ నాలుగైదు. టైమ్ అయిపోతే ఆపాల్సిందే, వాళ్ళకి వేరే దారి లేదు, అలా ఆపితే మార్కులు పోవు. నవ్వకపోవడం కూడా అంతే, మన ఇంటికి పెళ్ళిచూపులకి రాలేదుగా.

మార్కులు నాలుగు విషయాలకి సమానంగా వేస్తారు, ధార ఆగకుండా పొంతనగా మాట్లాడటం, మాటల సంపద, గ్రామర్, ఉచ్చారణ. బ్యాండ్లకి అర్థం ఏంటో వాళ్ళే బయటపెట్టిన టేబుల్ ఉంది, మొదటి వరసలో ఆరుకీ ఏడుకీ తేడా చూడు. ఆరులో మనిషి పొడుగ్గా మాట్లాడటానికి సిద్ధమే గానీ తడబడటం వల్ల, చెప్పిందే చెప్పడం వల్ల, దిద్దుకోవడం వల్ల అక్కడక్కడా దారి తప్పుతుంది. ఏడులో కష్టపడుతున్నట్టు కనపడకుండా పొడుగ్గా మాట్లాడుతుంది. కష్టపడుతున్నట్టు కనపడకుండా ఎప్పుడు మాట్లాడతాం చెప్పు? జరిగింది చెప్పేటప్పుడు.

ఆ సూడాన్ పెద్దాయన్నే ఆ కార్డుకి పెట్టి చూద్దాం. "దేర్ వాజ్ యాన్ ఓల్డ్ మాన్ ఫ్రమ్ సూడాన్ ఇన్ మై వార్డ్. హీ వుడెంట్ ఈట్. ఫర్ త్రీ డేస్ వుయ్ ట్రైడ్ ఎవ్రీథింగ్. దెన్ హిజ్ సన్ టోల్డ్ మీ దట్ యట్ హోమ్ హీ నెవర్ ఈట్స్ అలోన్." ఇందులో నీకు రాని మాట ఒక్కటైనా ఉందా? కానీ జరిగినదానికి పాస్ట్ టెన్స్, ఇంట్లో అలవాటుకి ప్రెజెంట్, కొడుకు చెప్పింది ఇంకోలా తిప్పి చెప్పడం, అన్నీ నాలుగు ముక్కల్లో వచ్చేశాయి. "హీ వుడెంట్ ఈట్" అంటే ససేమిరా తినలేదు అనే మొండితనం ఆ ఒక్క మాటలో ఉంది. గ్రామర్‌లో వాళ్ళు చూసేది ఇలాంటివే. పైగా ఎగ్జామినర్ ఏ ప్రశ్న వేసినా నీ దగ్గర జవాబు ఉంటుంది, ఎందుకంటే నువ్వక్కడ ఉన్నావు. తర్వాత మూడో పార్ట్‌లో పెద్దవాళ్ళని చూసుకోవడం ఇంట్లోవాళ్ళ పనా, ప్రభుత్వం పనా లాంటివి అడుగుతారు, ఏడేళ్ళుగా అటెండర్ల గొడవలు చూస్తున్నావు, నీకు లేని అభిప్రాయమా? ఆలోచించుకోవడానికి టైమ్ కావాలంటే "ఐ హావెంట్ థాట్ అబౌట్ ఇట్ దట్ వే" అని ఒక్క ముక్క చెప్పి మొదలెట్టు, ప్రశ్న అర్థం కాకపోతే ఇంకోలా అడగమను, అందులో సిగ్గేం లేదు.

ఇలాంటివి నీ సొంతవి ఒక పన్నెండు ఏరుకో. ఊరు, అమ్మ, కాలేజీ హాస్టల్, ఒక పేషెంట్, ఒక తప్పు, ఒక పండగ, కొని పశ్చాత్తాపపడిన వస్తువు. వాక్యాలు రాసుకోకు, రాస్తే మళ్ళీ బట్టీలోకి పోతావు. అయిదు మాటలు చాలు. పరీక్షలో ఆ నిమిషంలో ఇచ్చే కాగితం మీద కూడా నువ్వు నిండు వాక్యాలు రాయబోయి మొదటి లైన్‌లోనే టైమ్ అయిపోయిందన్నావు. ఆ కాగితానికి మార్కుల్లేవు. "సూడాన్, 3 రోజులు, కొడుకు, బాక్స్, సిస్టర్" అంతే, తెలుగులో రాసుకున్నా సరే.

రోజూ డ్యూటీ దిగాక ఆరోజు జరిగిన ఒక సంగతి ఫోన్‌లో రెండు నిమిషాలు రికార్డు చెయ్. వెంటనే వినకు, మర్నాడు విను. వినేటప్పుడు నువ్వు పట్టుకోవాల్సినవి నీ ఉత్తరం చూసే చెప్పగలను, మనవాళ్ళందరికీ ఉండేవే. మొదటిది, కథ మధ్యలో "హీ ఈజ్ సేయింగ్, షీ ఈజ్ టెల్లింగ్" లోకి జారిపోవడం, తెలుగులో కథ చెప్పేటప్పుడు "అప్పుడు ఆయనంటాడు" అంటాం కదా, అది ఇంగ్లీషులోకి దూరుతుంది. రెండోది "ఐ యామ్ హావింగ్ వన్ డాటర్", "సిన్స్ సెవెన్ ఇయర్స్", "దేర్ ఓన్లీ", ఈ చివరిది మన "అక్కడే"కి అచ్చు నకలు. ఒక వారం ఒక్క తప్పు మీదే కూర్చో, అన్నీ ఒకేసారి పట్టుకుంటే నోరు పెగలదు.

ఉచ్చారణ గురించి పెద్దగా భయపడకు. యాసకి మార్కులు తీయరు, అర్థం కావడం ముఖ్యం. బ్రిటిష్ యాస పెట్టొద్దు దయచేసి, రెండో నిమిషంలో జారిపోయి ఖమ్మం బయటికొస్తుంది, అదే మొదట్నించీ ఉంటే ఏ గొడవా లేదు. మూడు చిన్న మరమ్మతులు చాలు. మనం మాట చివర ఒక "ఉ" తగిలిస్తాం, బెడ్డు, వర్కు, బుక్కు అని, అది కోసెయ్. "ఎ", "ఒ"తో మొదలయ్యే మాటల ముందు య, వ చేరుస్తాం, యెగ్గు, వోపెన్ అని. తెలుగులో అక్షరాలన్నీ ఇంచుమించు సమానంగా పలుకుతాం కాబట్టి ఇంగ్లీషు వాక్యం కూడా టైపు మిషన్ కొట్టినట్టు వస్తుంది, వాక్యంలో ముఖ్యమైన మాట ఒక్కటి చూసుకుని దాని మీద బరువు పెట్టు. "హీ నెవర్ ఈట్స్ అలోన్"లో అలోన్ మీద. చెప్పి చూడు, మొత్తం వాక్యమే మారిపోతుంది.

ఇప్పుడు దారులు.

ఒక్క స్పీకింగే మళ్ళీ రాసే వన్ స్కిల్ రీటేక్. నువ్వు కంప్యూటర్ మీదే రాశానన్నావు కాబట్టి కుదురుతుంది, కానీ ఇప్పుడు రాసిన ఈ రెండో పరీక్ష తేదీ నుంచి అరవై రోజుల్లోపు రాసేయాలి. నీకు నెల చిల్లర మిగిలింది. మిగతా మూడు స్కోర్లు భద్రంగా ఉంటాయి, ఖర్చు తక్కువ, అది దీని సుఖం. అయితే ఈ రీటేక్ ఫలితాన్ని అన్ని సంస్థలూ తీసుకోవు, ఫీజు కట్టే ముందు యూకే నర్సింగ్ కౌన్సిల్ ఎన్‌ఎంసి వెబ్‌సైట్‌లో నువ్వే స్వయంగా చదువు, కోచింగ్ వాళ్ళ మాటా ఏజెంటు మాటా వద్దు. ఇంకో సంగతి, అయిదేళ్ళ అలవాటు అయిదు వారాల్లో వదులుతుందా అనేది నిజాయితీగా చూసుకో. మొదటి పది రోజుల రికార్డింగుల్లో మాట ధారగా వస్తుంటే వెళ్ళు, ఇంకా పీడీఎఫ్ వాక్యాలే ఊడిపడుతుంటే మళ్ళీ ఆరే వస్తుంది.

మొత్తం పరీక్ష మళ్ళీ రాయడం. పద్దెనిమిది వేలు మళ్ళీ అని ఏడుపొస్తోందన్నావు, నిజమే. కానీ నీకు ఎవరూ చెప్పనట్టున్న ఒక వెసులుబాటు ఉంది. ఎన్‌ఎంసి పన్నెండు నెలల లోపు రాసిన రెండు పరీక్షల స్కోర్లు కలుపుకోనిస్తుంది, 2023 నుంచి ఈ గడువు పెరిగింది, ముందు ఆరు నెలలే ఉండేది. షరతు ఏంటంటే ఏ పరీక్షలోనూ ఏ సెక్షన్‌లోనూ కావాల్సినదానికంటే అర బ్యాండ్ మించి తగ్గకూడదు. స్పీకింగ్, రీడింగ్, లిజనింగ్ ఏడు కావాలి కాబట్టి కనీసం 6.5, రైటింగ్ 6.5 కావాలి కాబట్టి కనీసం 6. నీ 6 ఆ గీత కింద ఉంది, అందుకే ఈ రిజల్ట్ కలపడానికి పనికి రాదు, అర బ్యాండ్ ఎంత ఖరీదో చూడు. కానీ ఈసారి స్పీకింగ్ 6.5 వచ్చి మిగతావి ఇలాగే ఉంటే, ఆ రిజల్ట్ వృథా కాదు, దాని తర్వాత రాసినదానితో కలుస్తుంది. ఒక్కసారికే ఏడు కొట్టి తీరాలి అనే బరువు దిగితే నోరు కూడా కాస్త తేలికవుతుంది.

ఓఇటి. నా మొగ్గు ఇటే, ఊరికే చెప్పట్లేదు. ఇందులో స్పీకింగ్ అంటే రెండు రోల్‌ప్లేలు, నువ్వు నర్సు, ఎదుటి మనిషి పేషెంటో వాళ్ళ తాలూకు మనిషో. కార్డు చదువుకోవడానికి మూడు నిమిషాలు, మాట్లాడటానికి అయిదు నిమిషాలు. భాషతో పాటు పేషెంట్ భయం ఏంటో కనుక్కున్నావా, అతనికి ముందే ఏం తెలుసో అడిగావా, చెప్పింది అర్థమైందో లేదో చూసుకున్నావా అనేవాటికి కూడా మార్కులుంటాయి. ఆ సూడాన్ అబ్బాయితో నువ్వు చేసింది అక్షరాలా ఇదే. ఎన్‌ఎంసికి స్పీకింగ్, లిజనింగ్, రీడింగ్‌లో బి గ్రేడు అంటే 350, రైటింగ్‌లో సి ప్లస్ అంటే 300 కావాలి. ఇబ్బందులు లేకపోలేదు. ఫీజు ఐఇఎల్‌టిఎస్ కంటే బాగా ఎక్కువ, నాలుగు సెక్షన్లూ కొత్తగా మొదలెట్టాలి, రైటింగ్‌లో పేషెంట్ కేస్‌షీట్ చూసి ఉత్తరం రాయాలి, దానికి నెలన్నర సాధన పడుతుంది. అక్కడా బట్టీ బ్యాచ్ ఉంది, పేషెంటు ఏమన్నా "ఐ యామ్ సారీ టు హియర్ దట్" అనేవాళ్ళు, వాళ్ళకి మనవడు పుట్టాడన్నా సారీ చెప్పేస్తారు! ఆ జబ్బు నీతో అటు మోసుకెళ్తే పరీక్ష పేరు మాత్రమే మారుతుంది.

జర్మనీ అంటే కొత్త భాష సున్నా నుంచి, నీ ఇష్టంతో అయితే మంచిదే, ఇంగ్లీషు మీద కోపంతో అయితే వద్దు.

ఏజెంటు సంగతి. స్పీకింగ్ మొత్తం రికార్డవుతుంది, కౌన్సిల్ వాళ్ళు స్కోరుని నేరుగా ఆన్‌లైన్‌లో సరిచూసుకుంటారు. ఇతను డబ్బు తీసుకుని మాయమైతే రెండు లక్షలు పోతాయి, అది తక్కువ నష్టం. నిజంగా ఏదో చేసి తర్వాత దొరికితే నీ రిజిస్ట్రేషనే పోతుంది. 2023లో నైజీరియాలోని ఇబాదాన్‌లో ఒక సెంటర్‌లో నర్సుల కంప్యూటర్ పరీక్షలో మోసం బయటపడి, అక్కడ రాసినవాళ్ళ మీద ఎన్‌ఎంసి విచారణ పెట్టింది, అప్పటికే యూకేలో ఉద్యోగం చేస్తున్నవాళ్ళు కూడా మళ్ళీ పరీక్ష రాయాల్సొచ్చింది. ఆ నంబర్ బ్లాక్ చెయ్, ఇందులో నేను రెండో మాట చెప్పను.

మానేయడం కూడా ఒక దారే, తప్పేం కాదు. కానీ నువ్వు మానేయాలనుకుంటున్నది యూకేనా, ఆ చుట్టాల ముందు నవ్వు గుర్తుకు రావడాన్నా? నీ ఉత్తరంలో యూకే గురించి నాలుగు లైన్లుంటే ఆ సాయంత్రం గురించి పేజీన్నర ఉంది.

మీ ఆయన చెడ్డవాడని నేను అనను, ఉత్తరంలో పాప ఫీజు, పాప జ్వరం అన్నీ ఆయనే చూసుకున్నట్టు నువ్వే రాశావు. కానీ ప్రతి వాక్యానికీ ఆపి దిద్దేవాళ్ళ ముందు ఎవరికీ మాట రాదు, ఆయనకి ఎవరైనా తెలుగు పద్యం చదవమని ప్రతి పాదానికీ ఆపితే తెలుస్తుంది. ఆయనకి వేరే పని అప్పగించు. ఫోన్‌లో రెండు నిమిషాలు టైమర్ పెట్టాలి, అయిపోయాక కథ గురించి ఒక ప్రశ్న అడగాలి, తప్పుల గురించి ఒక్క మాట ఎత్తకూడదు. "తర్వాత ఏమైంది?" అని అడిగితే చాలు. రెండు రోజులు చేసి మళ్ళీ దిద్దడం మొదలెడితే గొడవ పడకు, ప్రాక్టీస్ హాస్పిటల్‌కి మార్చెయ్. ఆ వెళ్ళిపోయిన మలయాళీ అమ్మాయిలు వాట్సాప్‌లో ఉంటారు కదా, వారానికి ఒక కాల్ అడుగు, వాళ్ళు ఎన్నోసారికి పాసయ్యారో కూడా అడుగు.

తెలుగు మీడియం గురించి అడిగావు. నీకు రీడింగ్‌లో 7, లిజనింగ్‌లో 7.5 వచ్చాయి. ఇంగ్లీషు రాకపోతే ఆ అంకెలు ఎలా వచ్చాయమ్మా?

ఎల్లుండి నీకు ఆఫ్ అన్నావు. పీడీఎఫ్ డిలీట్ చేసి, ఇన్‌చార్జ్ సిస్టర్ కథతో మొదలెట్టు. ఇంతకీ ఆ రాత్రి ఆ పెద్దాయన తిన్నాడా లేదా, నువ్వు రాయనే లేదు. రెండు నిమిషాల్లో చెప్పి వాయిస్ మెసేజ్ పెట్టు, ఇంగ్లీషులోనే.